ముందు తొట్టి, తర్వాతే ఫైటర్

అక్వేరియం దుకాణాల్లో ఫైటర్ చేపల్ని ఎలా పెడతారో మీరు చూసే ఉంటారు. టీ గ్లాసు కంటే కాస్త పెద్దవైన ప్లాస్టిక్ డబ్బాలు వరసగా పేర్చి, డబ్బాకీ డబ్బాకీ మధ్య అట్టముక్క నిలబెడతారు. కొనేవాళ్లు రాగానే ఆ అట్టను పైకి లాగుతారు. పక్క డబ్బాలోని మగచేప కంటపడగానే ఇది మొప్పల మూతలు గొడుగులా విప్పుతుంది. తోక విసనకర్రలా పరుచుకుంటుంది. ఒంటి మీద రంగు ఒక్కసారిగా ముదురుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఆ చేప చేస్తున్నది బెదిరింపు. అవతలివాణ్ని తరమలేదు, తాను తప్పుకోలేదు. ఎంతమంది కొనడానికి వస్తే అన్నిసార్లు ఆ యాతన పడాల్సిందే.

మూడేళ్ల కిందట మా అమ్మాయి పుట్టినరోజుకు అలాంటి డబ్బాలోంచే ఒక నీలం ఫైటర్‌ను తెచ్చాను. లీటరున్నర నీళ్లు పట్టే గుండ్రటి గాజు గిన్నె కూడా దుకాణం అతనే చూపించాడు. "గాలి పీల్చుకునే చేప సార్ ఇది, మోటరు అక్కర్లేదు, ఈ గిన్నె చాలు" అన్నాడు. నమ్మాను. నాలుగు రోజులయ్యాక మా అమ్మాయి గిన్నె ముందు గడ్డం ఆనించుకుని కూర్చుని, "ఒక్కటే ఉంది నాన్నా పాపం, ఫ్రెండ్స్‌ని తెద్దాం" అంది. అదే దుకాణంలో అడిగితే బాగా కలిసిపోతాయని రెండు గప్పీలు ఇచ్చారు. సాయంత్రం వదిలాం. తెల్లారేసరికి ఒక గప్పీ తోక లేకుండా అడుగున పడి ఉంది. రెండోది ఒక పక్కకు ఒరిగిపోయి ఈదుతోంది. ఆ రోజు బడికి ఏడుస్తూ వెళ్లిన పిల్లకు నేను ఏమీ చెప్పలేకపోయాను. అందుకే తర్వాత నేర్చుకున్నదంతా ఇప్పుడు రాస్తున్నాను.

గాలి పీల్చుకుంటుందన్న మాట నిజమే. ఈ చేపకు మొప్పల పైభాగాన, తలలో, మడతలు మడతలుగా ఉండే ఒక అవయవం ఉంది. దానితో నీటి పైకి వచ్చి నేరుగా గాలి తీసుకుంటుంది. మన కొర్రమీనుకూ గాలి పీల్చే శక్తి ఉంది. అందుకే చేపల బజారులో జానెడు నీళ్లున్న బేసిన్‌లో కూడా కొర్రమీను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కొట్టుకుంటూ బతికే ఉంటుంది. దాన్ని చూసి కొర్రమీనుకు బేసిన్ చాలని ఎవరమైనా అంటామా? ఫైటర్ విషయంలో మాత్రం సరిగ్గా అదే అంటున్నాం. చావకుండా ఉండగలగడమే దాని పాలిట శాపమైంది.

ఈ ఫైటర్ పుట్టిల్లు థాయిలాండ్. అక్కడ దాన్ని 'ప్లా కట్' అంటారు, కొరికే చేప అని అర్థం. 2019లో ఆ దేశం దీన్ని తన జాతీయ జలచరంగా ప్రకటించింది. ఇది వరిమళ్లలో, గడ్డి మొలిచిన చిత్తడి నేలల్లో, నెమ్మదిగా కదిలే కాలువల్లో బతుకుతుంది. ఆ నీళ్లు లోతు తక్కువే, కానీ ఎంత దూరం పరుచుకుని ఉంటాయో వరి పండించే మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మగచేప ఒక మూల తనదనుకుని కాపలా కాస్తుంది. ఇంకో మగచేప వస్తే కలబడుతుంది. ఓడిన చేప గడ్డిలోకి తప్పుకుంటుంది, దాంతో గొడవ తీరిపోతుంది. మన గిన్నెలో తప్పుకోవడానికి దారే లేదు. మా గప్పీ చావుకు ఫైటర్ కోపం ఎంత కారణమో, ఆ గిన్నె కూడా అంతే కారణం.

తొట్టి పెద్దదిగా ఉండాలనడానికి ఇంకో కారణం అమోనియా. చేప మొప్పల నుంచి, తినకుండా మిగిలిన మేత నుంచి అమోనియా పుడుతుంది. అది చేపకు విషం. ఫిల్టర్ స్పాంజిలో, అడుగున ఉన్న ఇసుకలో స్థిరపడే బ్యాక్టీరియా ఆ విషాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా చాలినంతగా పెరగడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. లీటరున్నర నీళ్లలో విషం ఒక్కరోజులోనే చిక్కబడుతుంది. ఇరవై లీటర్లలో పలచబడుతుంది, మనకు వ్యవధి దొరుకుతుంది. నీళ్లు మొత్తం పారబోసి కొత్తవి పోసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది మానాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు తీసి, క్లోరిన్ విరిగే మందు చుక్కలు వేసిన నీళ్లు, అవీ తొట్టి నీళ్లంత వెచ్చగా ఉన్నవి, పోస్తే చాలు.

ఇక కొలత. మనింటికి వచ్చే మంచినీళ్ల క్యాన్‌లో ఇరవై లీటర్లు పడతాయి. ఒంటరి ఫైటర్‌కు కనీసం అన్ని నీళ్లుండాలి, అంతకంటే తక్కువకు ఒప్పుకోవద్దు. ఇది లెక్క కోసం చెప్పిన మాటే సుమా, లవణాలు తీసేసిన ఆ క్యాన్ నీళ్లు తొట్టిలో పోయకండి. తోడు చేపలు కూడా కావాలంటే అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి తీసుకోండి, నలభై లీటర్లు పడతాయి. రెండడుగులదైతే ఇంకా మేలు. ఎత్తు కంటే పొడవు ముఖ్యం, ఆ బరువైన తోకతో మాటిమాటికీ పైకెక్కి గాలి తీసుకోవాలి కదా. నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి డిసెంబరు, జనవరి రాత్రుల్లో హీటర్ తప్పదు. ఫిల్టర్ స్పాంజిదైతే మంచిది, ప్రవాహం జోరుగా ఉంటే తోక బరువుకు అలిసిపోతుంది. ఎగిరి బయట పడుతుంది కనుక మూత ఉండాలి, మూతకూ నీళ్లకూ మధ్య కాస్త ఖాళీ వదలాలి.

తోడు సంగతికొస్తే, పొడుగు తోకలున్నవి, మెరిసే రంగులున్నవి పనికిరావు. గప్పీ తోకను చూసి ఇంకో మగ ఫైటర్ అనుకునే ప్రమాదం ఉంది. గౌరామీ దీని బంధువే, పోట్లాట ఖాయం. టైగర్ బార్బ్ తోకలు కొరుకుతుంది. గోల్డ్‌ఫిష్‌కు చల్లటి నీళ్లు కావాలి, పైగా చాలా మురికి చేస్తుంది. తొట్టి శుభ్రం చేస్తుందని అంటగట్టే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. పెరిగాక భరించలేక వదిలేసినవే ఇవాళ మన చెరువుల్లో జాలరుల వలలు చింపుతున్నాయి. రెండు మగ ఫైటర్లను ఏ తొట్టిలోనూ కలపకూడదు. ఆడవాటిని గుంపుగా పెంచాలన్నా బాగా అనుభవం కావాలి.

అడుగున తిరిగే కోరీలు ఆరేడు గానీ, చిన్న ఎంబర్ టెట్రాలు ఎనిమిది గానీ, ఒకటి రెండు నెరైట్ నత్తలు గానీ చాలాసార్లు సర్దుకుపోతాయి. మొక్కలు దట్టంగా పెట్టి, తోడు చేపల్ని ముందు వదిలి, ఫైటర్‌ను ఆఖరున వదలాలి. అయినా కొన్ని ఫైటర్లు నత్తను కూడా సహించవు. అందుకని వేరు చేయడానికి ఇంకో తొట్టి సిద్ధంగా ఉంచుకోవాలి.

మా నీలం ఫైటర్‌ను అడుగున్నర తొట్టిలోకి మార్చాం. పెరట్లో రాలిన బాదం ఆకు ఒకటి కడిగి ఆరబెట్టి వేశాం. రెండు రోజుల్లో నీళ్లు పలచటి టీ రంగుకు తిరిగాయి. రాత్రిళ్లు అది నీటి పైభాగాన ఉన్న మొక్క వెడల్పాటి ఆకు మీద ఒరిగి నిద్రపోయేది. ఒకనాటి పొద్దున చూస్తే ఆ ఆకు కింద చిన్న చిన్న బుడగలతో గూడు కట్టి ఉంది. మగచేప గుడ్లను దాచుకునే గూడది. మా అమ్మాయి దాని ఒంటరితనం గురించి మళ్లీ అడగలేదు. ఆ తర్వాత ఫైటర్ రెండేళ్ల పైన బతికింది, తోడు లేకుండానే.

ఈ ఆదివారం పిల్లలతో దుకాణానికి వెళ్తుంటే తొట్టి, ఫిల్టర్, మొక్కలు మాత్రం తెచ్చుకోండి. ఫైటర్‌ను నెలన్నర తర్వాత తెచ్చుకోవచ్చు. ఇంట్లో గిన్నె పెట్టేంత చోటే ఉంటే మాత్రం దయచేసి ఆ చేపను కొనకండి.