దగ్గును మాటతో మాన్పవచ్చునా?

మూడేళ్ళ పాటు మా ఇంటికి కాలింగ్ బెల్లును నేనే. నేను వీధి మొగలో ఉండగానే దగ్గు వినబడి, మా అమ్మాయి "నాన్న వచ్చారు, తలుపు తియ్యమ్మా!" అని కేక వేసేది. మొదట్లో అందరం నవ్వుకున్నాం. తరువాత ఎవరికీ నవ్వు రాలేదు.

శనివారం సాయంత్రాలు నలుగురు మిత్రులం చేరి భాగవతం చదువుకోవడం మాకు పాతికేళ్ళ అలవాటు. సీసపద్యం రెండవ పాదం దాటకుండానే గొంతులో ఎవరో నెమలీకతో గీసినట్లు ఒక దురద, వెంటనే దగ్గు తెర. కొన్నాళ్ళు ఆగి ఆగి చదివాను. మరికొన్నాళ్ళు చదివే పని ఇతరులకు అప్పగించి వింటూ కూర్చున్నాను. వినేటప్పుడు కూడా దగ్గు వస్తుంది కనుక చివరకు వెళ్ళడమే మానివేశాను. 2021లో బస్సులో నేను దగ్గగానే పక్క సీటాయన లేచి వెళ్ళి నిలబడ్డాడు. ఆయనను తప్పు పట్టను. ఆ రోజులు అటువంటివి.

వైద్యానికి కొదవ లేదు. మా పెద్దమ్మ "ఒరేయ్ నాయనా, కరక్కాయ బుగ్గన పెట్టుకోరా" అన్నది, పెట్టుకున్నాను. మిరియాల కషాయం, అతిమధురం, తమలపాకు రసం అన్నీ అయినవి. డాక్టర్లు ఎక్స్‌రే తీశారు, కళ్ళె పరీక్ష చేయించారు, ఊపిరి ఊదించారు, కడుపులో పులుపు తగ్గే మాత్రలిచ్చారు. రక్తపోటుకు నేను వేసుకునే రామిప్రిల్ కొందరిలో పొడిదగ్గు తెప్పిస్తుందని ఒకాయన దాన్ని మార్చారు. కొంత తగ్గింది, పోలేదు. చివరకు ఆయనే "స్పీచ్ థెరపిస్టుతో మాట్లాడండి" అన్నారు. నాకు కోపం వచ్చింది. నత్తి ఉన్నవాడికి కదా ఆ వైద్యం!

కోపం తగ్గాక చదివి తెలుసుకున్నది చెబుతాను. పెద్దవారిలో ఎనిమిది వారాలు దాటిన దగ్గును దీర్ఘకాలిక దగ్గు అంటారు. కారణం వెదికి మందులు వాడినా కొందరిలో అది నిలిచిపోతుంది. గొంతులోని నరాలు అతిగా చురుకై, చల్లగాలి, అగరుబత్తి పొగ, నవ్వు, మాట వంటి చిన్న విషయాలకు కూడా దగ్గమని ఆజ్ఞ ఇస్తాయి. దగ్గిన కొద్దీ స్వరపేటిక ఒరుసుకుపోయి మరింత సున్నితమవుతుంది. గుంటూరులో, మిరపకాయల రోజుల్లో, ఇటువంటి గొంతుతో బతకడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఈ వలయాన్ని తెంచడానికి చేసేది చాలా సాదా పని. దురద తెలియగానే, దగ్గు రాకముందే, గుటక వేయాలి, లేదా ఒక గుక్క నీళ్ళు తాగాలి. ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, పెదవులు సన్నగా చేసి వదలాలి. గొంతు సవరించుకునే అలవాటు మానాలి. కాఫీ తగ్గించాలి (ఇదే అన్నిటికన్నా కష్టం). అన్నిటికీ మించి, ప్రతి దురదకూ దగ్గు అవసరం లేదని నమ్మాలి. ఆస్ట్రేలియాలో యాన్ వెర్టిగన్ బృందం 87 మందిపై జరిపి 2006లో ప్రచురించిన పరిశోధనలో ఈ శిక్షణ పొందిన వారిలో 88 శాతం మందికి గుణం కనిపించింది. కేవలం ఆరోగ్య సూత్రాలు విన్నవారిలో అది 14 శాతమే. 2017లో ఇంగ్లండు నుంచి వచ్చిన మరొక పరిశోధనలోనూ, సలహాలు మాత్రమే విన్నవారితో పోలిస్తే దగ్గు 41 శాతం తగ్గింది. మందు కూడా వచ్చింది లెండి. జెఫాపిక్సాంట్ అనే దానిని జపాను 2022లోను, ఐరోపా 2023లోను అనుమతించగా అమెరికా రెండుసార్లు తిరస్కరించింది. దానితో చాలామందికి నాలుక రుచి చెడుతుందట. గోంగూర రుచి తెలియని బతుకు కన్నా దగ్గే నయమని నా సొంత అభిప్రాయం.

నాకు దొరికిన థెరపిస్టు బెంగుళూరులో ఉంటారు. వారానికొకసారి వీడియోలో అరగంట. ఇటువంటి వైద్యం తెర మీద జరగడం రాజీ కాదు, కొన్ని విషయాలలో మేలు కూడా అన్నది నా వాదన. ఆసుపత్రి గదిలో నా గొంతు బుద్ధిగా ఉండేది. అక్కడ తిరగమోత లేదు, సీసపద్యం లేదు. ఇంట్లో మా ఆవిడ ఎండుమిరపకాయలు నూనెలో వేసిన క్షణాన నేనేం చేస్తానో ఆమె తెర మీద చూశారు. దగ్గు ముందు నేను నోటితో గాలి గుటుక్కున మింగుతున్నానని నాకు మూడేళ్ళుగా తెలియనిది ఆమెకు మూడు నిమిషాలలో తెలిసింది. పైగా, దగ్గేవాడికి ప్రయాణమూ, నలుగురి మధ్య వేచి ఉండడమూ ఎంత నరకమో నాకు తెలుసు.

మాటకు ఎంత బలముందో చెప్పడానికి మరొక సంగతి. అలవాటు దగ్గు అని పిల్లల్లో ఒకటి ఉంటుంది. పగలంతా కుక్క మొరిగినట్లు దగ్గి, నిద్రలో పూర్తిగా ఆగిపోతుంది. అమెరికాలో మైల్స్ వైన్‌బర్గర్ అనే వైద్యుడు 2019లో, మూడు నెలలుగా దగ్గుతున్న పన్నెండేళ్ళ బాలికకు స్కైప్‌లో మాటలతోనే దాన్ని ఆపించారు. ఆ వీడియోను చూసి మరికొందరు పిల్లలకూ దగ్గు ఆగింది. మనిషి ఎదురుగా ఉంటే తప్ప వైద్యం కాదని వాదించే నాకు ఇది మింగుడుపడని విషయమే, కానీ దాచడం న్యాయం కాదు. అయితే పిల్లల దగ్గు, నా వంటి యాభై దాటినవాడి దగ్గు ఒకటి కావు.

ఇక నాకు భయం కలిగించేది. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష చేయించుకోవాలి. రక్తం పడినా, బరువు తగ్గినా, జ్వరం ఉన్నా అసలు ఆగకూడదు. ఊపిరితిత్తుల మాట తేల్చకుండా ఫోనులో గుటకలు నేర్పేవారు ఎవరైనా సరే, నా దృష్టిలో నేరం చేస్తున్నట్లే. ఆస్ట్రేలియా, ఇంగ్లండు పరిశోధనలు కూడా ముందు వైద్యులు చూసి పంపినవారితో, ఎదురెదురుగా కూర్చుని చేసినవేనని మరువరాదు.

రెండవది భాష. నా శిక్షణంతా ఇంగ్లీషులో సాగింది. నాకు కుదిరింది. కరక్కాయ ఇచ్చిన మా పెద్దమ్మకు కూడా పదేళ్ళుగా దగ్గే. ఆవిడకు "ప్రతి దురదకూ దగ్గక్కరలేదమ్మా" అని తెలుగులో, ఓపికగా, ఆవిడ వంటింటిని చూస్తూ చెప్పే థెరపిస్టును ఎక్కడ వెతకను? నాకు తెలిసిన ఒకరిద్దరు మాటలు రాని పిల్లలతో, పక్షవాతం వచ్చినవారితో ఊపిరి సలపకుండా ఉన్నారు. "ఇదంతా మనసు రోగమా?" అని అడుగుతుంది పెద్దమ్మ. కాదు, పెద్దమ్మా. నరానికి పట్టిన మొండితనం. మనసుతో దాన్ని దారికి తెస్తాం, అంతే. నేను చెబితే నవ్వి, మళ్ళీ దగ్గుతుంది. పరీక్షలు చేయించాను, శుభ్రంగా ఉన్నవి. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోనులో నేనే ఆవిడకు గుటక నేర్పుతున్నాను. నాకు ఏ అర్హతా లేదని తెలుసు.

నా దగ్గు పూర్తిగా పోలేదు. తిరగమోతకు ఇప్పటికీ ఒకటి రెండు వస్తాయి. గత నెల నుంచి శనివారాలు మళ్ళీ వెళుతున్నాను. ఈ వారం గజేంద్రమోక్షం నా వంతు. పుస్తకంతో పాటు నీళ్ళ సీసా కూడా సంచిలో పెట్టుకున్నాను.