డాక్టరు పేజీ: చలిజ్వరం ఎవరిచ్చిన ఆస్తి?

చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు పాదాలను ఎలా చూసుకోవాలో ఈ నెల రాస్తానని కిందటి సంచికలో మాట ఇచ్చాను. దాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నందుకు మన్నించండి. కారణం మా ఇంట్లోనే జరిగింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కాని అందరూ వేసవి సెలవులకు టిక్కెట్లు కొనుక్కునే రోజులివి. చెప్పకుండా ఊరుకోవడం తప్పనిపించింది.

పోయిన ఏడాది సెలవులకు మేము విశాఖపట్నం వెళ్ళాం. అక్కణ్ణుంచి అరకు, పాడేరు చూసుకుని, తెలిసినవాళ్ళ ఊళ్ళో రెండు రాత్రులు ఆరుబయట మంచాలు వేసుకుని పడుకున్నాం. బయల్దేరే ముందు మా ఆవిడ, "ఏమండీ, పిల్లాడికి మలేరియా మాత్రలేమన్నా వెయ్యాలేమో" అంది. "నేను పుట్టి పెరిగిన చోటికి వెళ్తూ మాత్రలేమిటి? అవన్నీ తెల్లవాళ్ళకి" అని నవ్వేశాను.

తిరిగొచ్చిన పదో రోజున మా ఏడేళ్ళ వాడికి జ్వరం తగిలింది. బళ్ళో సగం మందికి ఫ్లూ ఉంది, ఇదీ అదే అన్నాను. మూడో రోజు సాయంత్రానికి వాడు వణికిపోతూ, పిలిస్తే సరిగ్గా పలకని స్థితికి వచ్చాడు. ఎమర్జన్సీలో నాకంటే చాలా చిన్నదైన ఒక రెసిడెంటు డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఈ మధ్య ఏ దేశమైనా వెళ్ళొచ్చారా?" అని. మూడు రోజులుగా నన్ను నేను వేసుకోని ప్రశ్న అదే. రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే ఫాల్సిపారం మలేరియా. మన పెద్దవాళ్ళు మన్యం జ్వరమని భయపడిన జబ్బు. నరం ద్వారా మందు ఎక్కించారు. వాడు నాలుగో రోజున లేచి కూర్చుని ఇడ్లీ కావాలన్నాడు. అప్పటిదాకా మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు పెద్ద శిక్ష.

ఇంటికొచ్చాక వాడు అడిగాడు: "నాన్నా, నాకీ పురుగు ఎవరిచ్చారు?" దోమ అన్నాను. "దోమకెవరిచ్చారు?" ఇంకో మనిషి. "మొట్టమొదటి మనిషికెవరిచ్చారు?" మెడికల్ కాలేజీలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న ఇది. జవాబు కోసం చదవడం మొదలుపెడితే ఆఫ్రికా అడవుల దాకా వెళ్ళింది కథ.

ముందుగా మన గడ్డ మీది సంగతి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి చూశాడు. అది హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమ. దాని పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. మలేరియాను మోసేది దోమ అని అలా తేలింది. బేగంపేటలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. మనలో చాలామంది దాని ముందునుంచే విమానాశ్రయానికి వెళ్ళి ఉంటాం. రాస్ చూసిన ఆ గుండ్రటి కణాలేమిటంటే, మలేరియా క్రిమికి పుట్టిన సంతానం. మన ఒంట్లో ఈ క్రిమి అరటి చెట్టు పిలకలు వేసినట్టు ఒకటి పదిగా చీలి పెరుగుతుంది. ఆడ, మగ కణాలు కలిసేది మాత్రం దోమ పొట్టలోనే. 1880లో అల్జీరియాలో లావెరాన్ ఈ క్రిమిని మొదటిసారి చూసినప్పుడు కదులుతూ కనిపించిన దారాలు మగ కణాలు. 1897లోనే మెకాలమ్ అనే వైద్య విద్యార్థి, పక్షుల్లో ఉండే దీని చుట్టం క్రిమిలో ఆ దారం ఆడ కణంలోకి దూరడం చూశాడు. లావెరాన్ పెళ్ళికొడుకుని చూస్తే, మెకాలమ్ పెళ్ళి చూశాడు, రాస్ కడుపు పండటం చూశాడన్నమాట.

ఇక అడవి సంగతి. 2010లో శాస్త్రజ్ఞులు మధ్య ఆఫ్రికా అడవుల్లో గొరిల్లాలు, చింపాంజీల పేడ నమూనాలు దాదాపు మూడు వేలు పోగుచేసి, వాటిలో మలేరియా క్రిముల జన్యు పదార్థం వెతికారు. ఒక్క జంతువునూ పట్టలేదు, సూది గుచ్చలేదు. మనుషులను చంపే ఫాల్సిపారానికి అతి దగ్గర బంధువు పడమటి గొరిల్లాలలో దొరికింది. దాని పేరు ప్రీఫాల్సిపారం. గొరిల్లాల్లో ఆడ్లెరై అనే మరో జాతి క్రిమి కూడా ఉంది. అదే అడవిలోని చింపాంజీలకు వేరే జాతులున్నాయి. చిత్రమేమిటంటే, ఒకే అడవిలో ఉంటున్నా గొరిల్లా క్రిములు చింపాంజీలలో, చింపాంజీ క్రిములు గొరిల్లాలలో స్థిరపడవు. ప్రతి క్రిమికీ తన ఇంటి తాళానికి పట్టే తాళంచెవి మాత్రమే ఉంటుంది.

తాళంచెవి అనడం ఊరికే కాదు. ఫాల్సిపారం మన ఎర్ర కణంలోకి దూరాలంటే ఆర్‌హెచ్5 అనే ప్రోటీను కావాలి. అది ఎర్ర కణం మీదుండే బాసిజిన్ అనే ప్రోటీనుకు అతుక్కోవాలి. ఈ సంగతి 2011లో బయటపడింది.

2016లో ఈ క్రిముల జన్యువులను అక్షరం అక్షరం పోల్చి చూసినవాళ్ళకు ఒక వింత కనిపించింది. ఫాల్సిపారం జన్యు గ్రంథంలో దాదాపు 2 కోట్ల 30 లక్షల అక్షరాలుంటాయి. అందులో నాలుగో క్రోమోజోము మీద సుమారు 8 వేల అక్షరాల ముక్క ఒకటి మిగతా గ్రంథంతో పొసగలేదు. ఆ ముక్క మాత్రం ఆడ్లెరై వంశానికి దగ్గర. ఆర్‌హెచ్5 జన్యువు ఉన్నది సరిగ్గా ఆ ముక్కలోనే.

ఇది ఎలా జరుగుతుంది? ఒకే గొరిల్లా రక్తంలో రెండు జాతుల క్రిములుండి, ఆ రక్తాన్ని ఒక దోమ తాగిందనుకోండి. వేర్వేరు జాతులు మామూలుగా కలవవు. కాని దగ్గర చుట్టాలైతే ఎప్పుడో ఒకసారి కలుస్తాయి. ఆ సంకర సంతానం తరవాత తరతరాలుగా ఒక పక్షంతోనే కలుస్తూ పోతే, రెండో పక్షం వాటా కరిగిపోయి, ఒకటి రెండు ముక్కలు మాత్రం మిగులుతాయి. మన తెలుగులో 'రైలు', 'బస్సు' చేరినట్టే. మాట నిలిచింది గాని భాష ఇంగ్లీషు అయిపోలేదు. (మన పిల్లల తెలుగు సంగతి వేరే సంచికలో మాట్లాడుకుందాం!)

2019లో కొందరు శాస్త్రజ్ఞులు ఆనాడు చేతులు మారిన ఆ పాత ఆర్‌హెచ్5ను లెక్కగట్టి ప్రయోగశాలలో మళ్ళీ తయారుచేశారు. అది గొరిల్లా బాసిజిన్‌కూ, మనిషి బాసిజిన్‌కూ రెంటికీ అతుక్కుంది. అంటే ఒక తాళంచెవి రెండు ఇళ్ళు తెరిచింది. ఆ తరవాత దానిలో జరిగిన ఒకే ఒక్క మార్పుతో గొరిల్లా తలుపు మూసుకుపోయింది, మనిషి తలుపు తెరిచే ఉండిపోయింది. ఫాల్సిపారం వంశం గొరిల్లా క్రిమి నుంచి విడిపోవడం 40 నుంచి 60 వేల ఏళ్ళ కిందట మొదలైందని 2018లో అంచనా కట్టారు. ఈ తాళంచెవి ఒక్కటే చాలిందని ఎవరూ అనడం లేదు. కాని అది లేకుండా ఆ గుమ్మం దాటడం కష్టం.

ఇది పాతకాలపు కథే అనుకోవద్దు. మలేషియాలోని సరవాక్‌లో మనుషుల మలేరియా అనుకున్న కేసుల్లో చాలా భాగం నిజానికి కోతుల క్రిమి నోలెసై అని 2004లో తేలింది. అక్కడి కోతుల్లో ఒక్కొక్కదానిలో రెండు మూడు జాతుల మలేరియా క్రిములు కలిసి ఉంటాయి. 2018 నుంచి ఆ దేశంలో మనుషుల మలేరియా స్థానికంగా పుట్టడం ఆగినా, కోతుల మలేరియా మనుషులకు వస్తూనే ఉంది.

శత్రువు తాళంచెవి తెలిస్తే మనకూ ఒక దారి దొరుకుతుంది. ఆర్‌హెచ్5కు అడ్డుపడే టీకాను బుర్కినా ఫాసోలో చిన్న పిల్లలపై పరీక్షించారు. ఆరు నెలల కాలంలో జబ్బును సుమారు 55 శాతం తగ్గించిందని 2024 డిసెంబరులో ఫలితాలు వెలువడ్డాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, 2023లో సిఫారసు చేసిన రెండు మలేరియా టీకాలు వేరే పద్ధతివి. అవి మలేరియా ఉన్న ప్రాంతాల్లో పెరిగే పిల్లల కోసం. సెలవులకు వెళ్ళొచ్చే మనలాంటి వాళ్ళ కోసం కాదు.

మనకున్నవి పాత మార్గాలే. వెళ్ళే ఊళ్ళ పేర్లు మీ డాక్టరుకు చెప్పి, మాత్రలు అవసరమేమో బయల్దేరే ముందే కనుక్కోండి. ఇస్తే, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు మానకుండా వేసుకోండి. దోమతెర కట్టుకోండి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఈ జబ్బును తట్టుకునే శక్తి బొత్తిగా లేదు. అక్కడ పెరిగిన మనకు ఒకప్పుడు కాస్తో కూస్తో ఉన్నా, ఏళ్ళు గడిస్తే అదీ పోతుంది. తిరిగొచ్చిన ఏడాదిలోపు ఎప్పుడు జ్వరమొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి, "ఇండియా వెళ్ళొచ్చాం, మలేరియా చూడండి" అని మీరే చెప్పండి. వాళ్ళు అడిగేదాకా ఆగవద్దు. ఇంట్లో డాక్టరున్నాడు కదా అని అసలే ఆగవద్దు.

మా వాడికి ఈ కథంతా చెప్పాను. అంతా విని, "అయితే గొరిల్లా మీద కోపం తెచ్చుకోకూడదు, దానికీ జ్వరమే కదా" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ, "కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో నాకు తెలుసులే" అంది. ఈసారి మాత్రల చీటీ ఆవిడే రాయించింది.

వచ్చే నెల తప్పకుండా పాదాల సంగతి.