తవక్కుల్ అంటే రక్షణ లేకుండా పడవ ఎక్కడం కాదు

సెలవులు రాగానే మా చోడవరం పరిసరాల కుటుంబాలు నీటి ఒడ్డుకు ప్రయాణం కడతాయి. కొందరు పూడిమడక తీరానికి, కొందరు కొండకర్ల ఆవలో దోనె షికారుకు, మరికొందరు విశాఖ రుషికొండకు, స్థోమత గలవారు గోదావరి మీద పాపికొండల యాత్రకు వెళతారు. యువకులకు ఇటీవల కయాక్ అనే సన్నని తెడ్డుపడవ మీద మోజు పెరిగింది. అల్లాహ్ సృష్టించిన నదీనదాలను, కొండలను చూసి ఆనందించడంలో తప్పు లేదు. అయితే పడవవారు లైఫ్ జాకెట్ అందించినప్పుడు “ఎంతసేపటి ప్రయాణం! అల్లాహ్ ఉన్నాడు కదా!” అని దానిని ఒడిలో పెట్టుకొని కూర్చునేవారు మనలోనూ ఉన్నారు. ఆ మాటను గురించే ఈ నెల ముచ్చటించదలిచాము.

అల్లాహ్ ఉన్నాడన్నది సత్యం. కాని ఆ సత్యం నుండి వారు తీసిన సారాంశం సరైనది కాదు. ఒంటెను కట్టి అల్లాహ్‌ను నమ్ముకోవాలా, వదిలేసి నమ్ముకోవాలా అని అడిగిన వ్యక్తికి దైవప్రవక్త (స) ముందు కట్టమని, ఆపై నమ్ముకోమని బోధించారు. హజ్రత్ నూహ్ (అలై) గాథను చూడండి. ఆయనను నావ లేకుండానే రక్షించడం అల్లాహ్‌కు అసాధ్యమా? అయినా పలకలు కూర్చి, మేకులు కొట్టి నావ నిర్మించమనే ఆజ్ఞ అయింది. సాధనాన్ని చేతబట్టడం విశ్వాసానికి లోపం కాదు, అది విధేయతలో భాగం.

ఈ విషయాన్ని మన రాష్ట్రం చాలా పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకోవలసి వచ్చింది. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలో పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో పడవ బోల్తా పడి 20 మందికి పైగా మరణించారు. ప్రయాణికులకు లైఫ్ జాకెట్లు ఇవ్వలేదని అప్పటి పత్రికలు రాశాయి. రెండేళ్లు తిరగకముందే, 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద వరద గోదావరిలో రాయల్ వశిష్ట అనే విహార పడవ మునిగింది. అందులో 70 మందికి పైగా ఉండగా 26 మంది మాత్రమే ప్రాణాలతో బయటపడ్డారు. సమీప గ్రామస్థులు తమ పడవలలో పరుగున వచ్చి వారిని ఒడ్డుకు చేర్చారు. మునిగిన పడవను అక్టోబరు 22న గాని వెలికితీయలేకపోయారు. ఆ పడవలో జాకెట్లు ఉన్నాయి. భోజన సమయమని, ఉక్కపోతగా ఉందని పలువురు వాటిని విప్పివేశారన్నది బయటపడినవారి కథనం. కృష్ణలో జాకెట్టే లేకపోయింది, గోదావరిలో ఉండి కూడా చాలామంది ఒంటి మీద లేకపోయింది. మునిగేవారికి ఈ రెండింటికీ తేడా ఏమీ లేదు.

ఇక జాకెట్ ఎంపిక సంగతి. మనిషి శరీరంలో అధిక భాగం నీరే గనుక నీటిలో మునిగినప్పుడు తేల్చడానికి కావలసిన అదనపు బలం కొద్ది కిలోలే. ఈ తేల్చే శక్తిని న్యూటన్లలో కొలుస్తారు. 10 న్యూటన్లు సుమారు ఒక కిలో ఎత్తుబడికి సమానం. 50 న్యూటన్ల జాకెట్ ఈత వచ్చినవారికి, ఒడ్డుకు దగ్గరగా, సహాయం అందే చోట పనికివస్తుంది. తెడ్డు వేయడానికి చేతులు స్వేచ్ఛగా ఆడాలి గనుక కయాక్ నడిపేవారు ఎక్కువగా దీనినే వాడతారు. కాని స్పృహ తప్పినవారిని ఇది వెల్లకిలా తిప్పుతుందన్న భరోసా లేదు. ఈత రానివారికి, నిలకడైన నీటిలో కూడా 100 న్యూటన్లది కావాలి. సముద్రానికి, అలల నీటికి 150 న్యూటన్లది తగినది. అది సాధారణంగా మనిషిని వెల్లకిలా తిప్పి ముఖాన్ని నీటి పైన నిలుపుతుంది.

కొనేటప్పుడు లోపలి చీటీ చదవండి. తేల్చే శక్తి, శరీర బరువు, ఛాతీ కొలత అందులో రాసి ఉండాలి. చీటీ లేని చౌక జాకెట్లలో థర్మాకోల్ ముక్కలు కుక్కినవి ఉంటాయి, అవి విరిగి పొడి అయిపోతాయి. బట్ట వెలిసి చివికినా, కుట్లు విడిపోయినా, బకిల్ పగిలినా, లోపలి ఫోమ్ నొక్కితే గట్టిపడి తిరిగి ఉబ్బకపోయినా ఆ జాకెట్‌ను పక్కన పెట్టండి. అద్దె పడవ ఎక్కేటప్పుడూ ఈ పరీక్ష చేయడానికి ఒక నిమిషం చాలు.

హజ్రత్ దావూద్ (అలై)కు అల్లాహ్ కవచాల తయారీ నేర్పుతూ వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించాడు. కొలత తప్పిన కవచం కాపాడదు. జాకెట్ సంగతీ అంతే. పట్టీలన్నీ బిగించి, రెండు చేతులు పైకెత్తి, మరొకరిని భుజాల వద్ద పట్టుకొని పైకి లాగమనండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా జారితే అది వదులైనది. పిల్లలకు వయసును బట్టి కాక బరువును బట్టి ఎంచాలి. “ఎదుగుతాడులే” అని పెద్ద సైజు కొంటే నీటిలో బిడ్డ జారిపోతాడు, జాకెట్ మాత్రం తేలుతుంది. చిన్నారుల జాకెట్‌కు కాళ్ల మధ్య నుండి బిగించే పట్టీ, తల ఎత్తి ఉంచే కాలరు తప్పనిసరి. గాలి నింపే రబ్బరు ట్యూబులు, చేతి తొడుగులు ఆటవస్తువులే, రక్షణ సాధనాలు కావు.

మన సోదరీమణులలో కొందరు పర్దాకు భంగమని జాకెట్‌కు వెనుకాడతారు. నిజానికి జాకెట్ బురఖా మీద తొడగవలసినదే, అది మరొక పొర కప్పుతుందే గాని ఏదీ తొలగించదు. బురఖా లోపల తొడిగితే ఆపదలో పట్టి లాగడానికి చెయ్యి దొరకదు. పొడవైన దుపట్టా అంచులు పట్టీల కింద దోపుకోవాలి, లేకుంటే అవి కాళ్లకు, తెడ్లకు చుట్టుకుంటాయి. పట్టీలు బిగించే పని తల్లో, చెల్లెలో, భర్తో చేయవచ్చు గనుక పరాయివారి చేయి అవసరం లేదు.

పడవ ఒరిగితే అందరూ ఒకే వైపునకు పరుగెత్తరాదు. మూసి ఉన్న గది కంటే బయటికి దారి దగ్గరగా ఉన్న చోటే కూర్చోవడం మేలు, ఎందుకంటే మునుగుతున్న గదిలో జాకెట్ మనిషిని పైకప్పుకు అదిమివేస్తుంది. కయాక్ తిరగబడితే దానిని వదలి ఒడ్డుకు ఈదబోవద్దు, దానినే పట్టుకొని ఉండండి. మునుగుతున్నవారి కోసం ఆవేశంతో నీటిలో దూకితే ఒక జనాజా రెండవుతుంది. తాడు, వెదురు గడ, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏదీ లేకపోతే ముడివేసిన దుపట్టా విసరండి. బయటికి తీసినవారిని తలకిందులుగా పట్టి తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. శ్వాస లేకపోతే నోటితో ఊపిరి అందిస్తూ, 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు ఊపిరి ఊదుతూ కొనసాగించాలి. ఈలోగా మరొకరు 108కి గాని 112కి గాని ఫోన్ చేయాలి. సముద్రంలో ప్రమాదమైతే కోస్ట్ గార్డ్ నంబరు 1554.

నీట మునిగి మరణించిన విశ్వాసి షహీదుల కోవలోకి వస్తాడని హదీసు ఉంది కదా అని కొందరు అంటారు. అది బిడ్డను కోల్పోయిన తల్లికి ఓదార్పు. బిడ్డకు జాకెట్ తొడగని తండ్రికి అది అనుమతిపత్రం కాదు. ప్రాణం మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానతు. మన చేతులతో మనమే దానిని వినాశంలోకి నెట్టరాదన్నది ఖుర్ఆన్ ఆదేశం. పడవ యజమానికీ ఈ అమానతులో భాగముంది. జాకెట్లను గోనెసంచిలో కట్టి మూల పడేసి, మోతాదు మించి జనాన్ని ఎక్కించేవాడు రుసుము తీసుకున్నాడు గాని బాధ్యత తీసుకోలేదు.

కనుక పాఠక సోదరులారా! ఇంటి పెద్దలుగా మీరు ఒక నియమం పెట్టుకోండి. అందరికీ సరిపడే జాకెట్లు లేని పడవ ఎక్కవద్దు. టిక్కెట్టు డబ్బు పోయినా, బంధువులు నవ్వినా, పిల్లలు అలిగినా ఒడ్డునే ఉండిపొండి. ఎక్కితే బిస్మిల్లాహ్ అని పాదం మోపి, పట్టీలు బిగించి, తిరిగి నేల మీద కాలు పెట్టేవరకు విప్పకండి. భోజనం ఒడ్డున చేయవచ్చు. అల్లాహ్ మన కుటుంబాలను జలగండాల నుండి కాపాడుగాక! సాధనాలను సద్వినియోగం చేసుకునే వివేకాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.