తిమింగలం ఏ అవతారం తర్వాత?

2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో అప్పటి ఆంధ్రా విశ్వవిద్యాలయం ఉపకులపతి, జీవపరిణామాన్ని వివరించడానికి డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలే మేలని చెప్పారు. చేప, తాబేలు, పంది, నరసింహుడు, వామనుడు... వరస వినగానే నిజమే అనిపిస్తుంది. అందుకే ఈ వాదన ఇంతగా చెల్లుబాటవుతోంది.

మరి ఈ వరసలో తిమింగలాన్ని ఎక్కడ పెట్టాలి?

అది గాలి పీలుస్తుంది, పిల్లల్ని కని పాలిచ్చి పెంచుతుంది. నేల మీద నాలుగు కాళ్లతో తిరిగిన జంతువుల సంతతి అది. మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోయింది. నీటి నుంచి మనిషి దాకా ఎక్కుతూ పోయే మెట్లలో దానికి చోటు లేదు. జీవపరిణామం కొమ్మలుగా చీలే చెట్టు.

ఆ చెట్టును గీయడానికి పైపై పోలికలు చాలవు. చేపకూ తిమింగలానికీ ఒకేలాంటి ఆకారాన్నిచ్చింది ఈత. ఉమ్మడి పూర్వీకుల నుంచి సంక్రమించిన కొత్త లక్షణాలే బంధుత్వానికి సాక్ష్యం. వాటిని గుర్తించడంలో శాస్త్రవేత్తలూ పొరబడ్డారు. పళ్ల తీరు చూసి, మెసోనిచిడ్లనే అంతరించిన మాంసాహారుల నుంచి తిమింగలాలు వచ్చాయని చాలాకాలం అనుకున్నారు. 1990లలో డీఎన్‌ఏ ఆ మాట కాదంది. జన్యుపదార్థంలో నకళ్లుగా మరోచోట చేరే కొన్ని ముక్కలు తిమింగలాల్లోనూ నీటిగుర్రాల్లోనూ సరిగ్గా ఒకే స్థానంలో కనిపించాయి. అవి రెండింటిలో విడివిడిగా అక్కడే వచ్చి చేరడం దాదాపు అసాధ్యం.

అంటే నీటిగుర్రం తిమింగలమైందని కాదు. పెదనాన్న పిల్లలకూ చిన్నాన్న పిల్లలకూ తాత ఒక్కడే అయినట్టు, ఈ రెండింటికీ పూర్వీకులు ఒక్కరే. కోతి మనిషైతే ఇంకా కోతులెందుకున్నాయన్న ప్రశ్నకూ ఇదే జవాబు.

డీఎన్‌ఏ చెప్పింది నిజమైతే, నీటిగుర్రానికీ దాని బంధువులైన ఆవులకూ మేకలకూ ఉండే పైనా కిందా గాడి గల చీలమండ ఎముక తొలి తిమింగలాలకూ ఉండాలి. పాకిస్తాన్ శిలాజాల్లో అది ఉందని 2001లో తేలింది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్‌లో భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్లు మరో ఆధారమిచ్చాయి. వాటిలోని ఇండోహయస్ సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటి చిన్న గిట్టల జంతువు. దాని చెవి ఎముక లోపలి అంచు తిమింగలాలకు ఉన్నట్టే మందంగా ఉందని 2007లో ప్రకటించారు.

ఏ ఎముక దొరికితే దశావతారాల వరస తప్పని ఒప్పుకుంటారో ఆ వాదన చేసేవారు చెప్పరు. పైగా 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామ భాగాన్ని తీసేసింది. పదితో సైన్స్ చదువు ముగించే పిల్లలు అవతారాల కథ ప్రవచనాల్లో వింటారు. కాలాకోట్ ఎముకల సంగతి వాళ్లకు బడి చెప్పి తీరాలి.