పెళ్లి ఇద్దరిది, లెక్క గ్రహాలది

పెళ్లి కుదిరిన జంట తేల్చుకోవలసిన విషయాలు చాలా ఉంటాయి. ఏ రోజు, ఎక్కడ, ఎంతమందితో, ఏ తంతుతో, తొలిరాత్రి ఎప్పుడు, ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాలి అనేవన్నీ ఆ ఇద్దరి సొంత విషయాలే. తెలుగు ఇళ్లలో వీటిలో చాలా భాగం వాళ్లను అడగకుండానే తేలిపోతుంది. తేల్చేది పంచాంగం. దాని నియమాల్లో లెక్క ఎంత, నమ్మకం ఎంత, ఆ జంట గురించి వాటికి తెలిసింది ఎంత అన్నది వరుసగా చూడవలసిన విషయం.

పొంతనాలు

మొదటి మెట్టు జాతకాలు కలపడం. ఇద్దరి జన్మనక్షత్రాలూ తీసుకుని ఎనిమిది కూటాలు చూస్తారు. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, రాశికి 7, నాడికి 8. మొత్తం 36 మార్కులు, 18 వస్తే గట్టెక్కినట్టు. యోనికూటంలో ఒక్కో నక్షత్రానికి ఒక్కో జంతువును అంటగట్టారు. ఒకరిది పిల్లి, ఇంకొకరిది ఎలుక అయితే అక్కడ మార్కులు సున్నా.

ఇంత లెక్కకూ ఆధారం ఒక్కటే, పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్నది. చంద్రుడు సుమారు 27 రోజుల్లో ఆకాశాన్ని చుట్టి వస్తాడు కనుక ఒక్కో నక్షత్రంలో దాదాపు ఒక రోజు ఉంటాడు. మన దేశంలో రోజుకు దాదాపు 60 వేల మంది పిల్లలు పుడతారు. ఒకే నక్షత్రంలో పుట్టిన అన్ని వేల మందిలో ఎవరిని చేసుకున్నా ఒక అమ్మాయికి వచ్చే మార్కులు దాదాపు అవే. చదువు, సంపాదన, కోపం, తాగుడు, అప్పులు, ఆరోగ్యం, ఇష్టాయిష్టాలు ఈ 36లో ఎక్కడా లేవు.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు నాడికి. 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున ఆది, మధ్య, అంత్య నాడులుగా పంచారు. ఇద్దరిదీ ఒకే నాడి అయితే సంతానానికి చేటు అంటారు. మూడు గంపల్లో సమానంగా పోసిన గింజల్లోంచి రెండు తీస్తే, అవి రెండూ ఒకే గంపవి కావడానికి అవకాశం మూడింట ఒకటి. అంటే లోకంలో ప్రతి మూడు జంటల్లో ఒకదానికి ఈ దోషం ఉండి తీరాలి. ‘నాడి అంటే బ్లడ్ గ్రూపే’ అని ఈ మధ్య ఒక కొత్త భాష్యం వినిపిస్తోంది. రక్తం గ్రూపును నిర్ణయించేది తల్లిదండ్రుల జన్యువులు, చంద్రుడు కాదు. పైగా భార్యాభర్తలది ఒకే గ్రూపు అయితే బిడ్డకు వచ్చే ముప్పేమీ లేదు. వైద్యులు జాగ్రత్తపడేది తేడా ఉన్నప్పుడే. తల్లి ఆర్‌హెచ్ నెగటివ్, కడుపులో బిడ్డ పాజిటివ్ అయినప్పుడు వాళ్లు ఇంజెక్షన్ ఇస్తారు.

సంతానం గురించి నిజంగా భయపడవలసిన సంగతులు వేరే ఉన్నాయి. ఇద్దరూ తలసీమియా వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు తీవ్రమైన జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. పెళ్లికి ముందు చేయించుకునే రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది. దగ్గరి బంధువుల పెళ్లిళ్లలో ఇలాంటి జన్యువులు కలిసే అవకాశం మరింత ఎక్కువ. పైసంబంధానికి నాడి చూసే ఇంట్లోనే మేనరికం వచ్చేసరికి, ‘మన పిల్లే కదా’ అంటూ జాతకం సైతం పక్కనబెట్టి తాంబూలాలు పుచ్చుకుంటారు.

జాతకాలకు పరీక్షలూ జరిగాయి. అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో బెర్నార్డ్ సిల్వర్‌మన్ పెళ్లి చేసుకున్న 2,978 జంటలనూ, విడిపోయిన 478 జంటలనూ పరిశీలించాడు. ఇంగ్లండ్, వేల్స్ 2001 జనాభా లెక్కల నుంచి డేవిడ్ వోస్ కోటి జంటల రాశులు చూశాడు. కలిసే రాశులు గానీ, కలవని రాశులు గానీ ఇద్దరికీ కనబడలేదు. అవి పాశ్చాత్య రాశులు కదా అనేవారికి ఖగోళశాస్త్రవేత్త జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్రలో చేసిన పరీక్ష జవాబు చెబుతుంది. చురుకైన పిల్లల జాతకాలూ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలూ కలిపి ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. జవాబులు పంపిన 27 మంది జ్యోతిష్కులు సగటున 46 శాతం సరిగ్గా చెప్పారు. బొమ్మాబొరుసూ వేస్తే వచ్చేది 50.

కుజదోషం

పెళ్లిచూపుల దాకా వచ్చిన సంబంధాలను వెనక్కి పంపే మాట కుజదోషం. జాతకచక్రంలోని పన్నెండు స్థానాల్లో 2, 4, 7, 8, 12లలో కుజుడు ఉంటే దోషం అంటారు. కొందరు ఒకటో స్థానాన్నీ కలుపుతారు. పన్నెండింట అయిదు అంటే, ఏ లెక్కా లేకుండానే నూటికి 42 మందికి దోషం ఉంటుంది. దీన్ని లగ్నం నుంచే కాక చంద్రుడి నుంచీ, శుక్రుడి నుంచీ చూడాలంటారు. ఈ మూడింటికీ పరస్పర సంబంధం లేదనుకుంటే, ఎక్కడో ఒకచోట దోషం తగిలేవాళ్లు నూటికి 80 మంది అవుతారు. జనాభాలో ఇన్ని వంతుల మంది జీవిత భాగస్వామికి ప్రాణగండం తెచ్చేవారే అయితే ఊళ్లు మిగలవు. ఆ చిక్కు తప్పించడానికే మినహాయింపులు పుట్టాయి. ఫలానా రాశిలో ఉంటే దోషం లేదు, గురువు చూస్తే లేదు, ఇద్దరికీ ఉంటే లేదు. వీటికీ లొంగని జాతకానికి అరటిచెట్టుతోనో కుంభంతోనో ముందుగా ఒక పెళ్లి. చెట్టుతో తీరిపోయే గండం కోసం అమ్మాయికి ఏళ్ల తరబడి సంబంధాలు తప్పిపోవడమే అసలు నష్టం.

మంచి నెలలు, చెడ్డ నెలలు

తేదీ దగ్గరకు వచ్చేసరికి ముందు నెలలు రాలిపోతాయి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. అధికమాసం పనికిరాదు. అది గ్రహాల అలక కాదు, సర్దుబాటు. చాంద్రమాన సంవత్సరం 354 రోజులు, సౌరమానం 365. ఈ తేడా పూడ్చడానికి 19 ఏళ్లలో ఏడు నెలలు అదనంగా చేరుస్తారు. లెక్క సరిచేయడానికి మనుషులు చేర్చిన నెల మనుషుల పెళ్లికి అరిష్టం ఎందుకయిందో ఏ సూత్రమూ చెప్పదు.

తర్వాతది మూఢం. గురువు సూర్యుడికి 11 డిగ్రీల లోపు వస్తే కనబడడు. శుక్రుడికి ఆ హద్దు 10 డిగ్రీలు, వక్రగతిలో 8. ఈ అంకెలు సూర్యసిద్ధాంతంలోనివి, కంటితో చూసి కట్టిన మంచి ఖగోళశాస్త్రం. గురు మూఢం దాదాపు నెల ఉంటుంది, శుక్ర మూఢం ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. ఆ రోజుల్లో గ్రహానికి ఏమీ కాదు. భూమి మీది మనిషికి ఎండ వెలుగు అడ్డమై కనబడదు, అంతే. కనబడకపోవడాన్ని బలం పోవడంగా చదివినచోట శాస్త్రం ఆగి నమ్మకం మొదలయింది.

ఈ నియమాలు ప్రకృతి సూత్రాలే అయితే అన్ని ప్రాంతాల్లోనూ ఒకేలా ఉండాలి. ఉత్తరాదిలో ఆషాఢ శుద్ధ ఏకాదశి నుంచి కార్తీక శుద్ధ ఏకాదశి దాకా చాతుర్మాస్యం, పెళ్లిళ్లు ఉండవు. అందులోనే పడే శ్రావణం తెలుగువారికి పెళ్లిళ్ల నెల. జూలై నడుమ మొదలై ఆగస్టు నడుమ ముగిసే ఆడి మాసంలో తమిళులు పెళ్లి పెట్టుకోరు. చాలా ఏళ్లలో ఆగస్టు మొదటి వారాల్లో తడ దగ్గర ఒకవైపు బాజాలు మోగుతాయి, సరిహద్దు దాటితే కల్యాణమండపాలు ఖాళీగా ఉంటాయి. ఆకాశం మాత్రం రెండువైపులా ఒక్కటే.

ఇన్ని కొట్టివేతల తర్వాత మిగిలిన కొద్ది రోజుల మీద రాష్ట్రమంతా పడుతుంది. ఫంక్షన్ హాలు, పూలు, వంటవాళ్లు, మేళం, ఫొటోగ్రాఫర్ అందరి ధరలూ ఆ రోజుల్లోనే పెరుగుతాయి. అమెరికాలో తెలుగువారి పెళ్లి శనివారమో ఆదివారమో జరుగుతుంది, హాలు దొరికిన రోజునే ముహూర్తమూ దొరుకుతుంది. సెలవుకు వంగే ముహూర్తం, వధువు ఇష్టానికి మాత్రం వంగదు.

ఆ ఘడియ

రోజు తేలాక ఘడియ. రోజుకు పన్నెండు లగ్నాలు, ఒక్కోటి సుమారు రెండు గంటలు. దాన్ని తొమ్మిది అంశలు చేస్తే ఒక్కోటి పదమూడు నిమిషాలు. శుభలేఖ మీద అచ్చయ్యే అర్ధరాత్రి ముహూర్తాల వెనక ఉన్నది ఈ లెక్క. అయితే పాత సూత్రాలతో కట్టే పూర్వపద్ధతి పంచాంగానికీ, ఆకాశంలో కనబడేదానితో సరిచూసే దృక్ పంచాంగానికీ తిథి ముగింపులోనే గంటల తేడా వస్తుంది. ఈ గందరగోళం తీర్చడానికి కేంద్రం 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన సంఘం వేసింది, 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. ముహూర్తాలు మాత్రం ఎవరి సిద్ధాంతివి వారివిగానే మిగిలాయి.

ఆ పదమూడు నిమిషాల్లో ఏం జరగాలన్నదీ ఒక్కటి కాదు. తెలుగువారికి సుముహూర్తమంటే జీలకర్రా బెల్లం తలమీద పెట్టుకోవడం, తమిళులకు తాళి కట్టడం. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, సప్తపది ఆచారంలో ఉన్నచోట ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. ముహూర్తం అన్న మాట ఆ చట్టంలో లేదు. అన్నవరం కొండమీద ఒకే రోజు, ఒకే లగ్నంలో ఎన్నో జంటలు ఒక్కటవుతాయి. ఘడియకు ఫలితం ఉంటే ఆ జంటలన్నిటి కాపురమూ ఒకేలా సాగాలి.

తంతులో జంటకు అర్థమయ్యేది తక్కువ. కన్యాదానంలో అమ్మాయి ఇచ్చిపుచ్చుకునే వస్తువవుతుంది. ఋగ్వేదం పదో మండలంలోని వివాహసూక్తం వధువుకు సోముడు, గంధర్వుడు, అగ్ని వరుసగా ముందరి భర్తలనీ, మనిషి నాలుగోవాడనీ అంటుంది. తెలుగులో వినబడితే పెళ్లిపీటల మీద ఒప్పుకునేవారు అరుదు. మెట్టెలకూ గర్భాశయానికీ నరం ఉందనీ, జీలకర్రా బెల్లంతో విద్యుత్తు పుడుతుందనీ చెప్పే కొత్త ‘సైన్సు’కు శరీరశాస్త్రంలో చోటు లేదు. అరుంధతి నిజంగా ఉన్న నక్షత్రమే, సప్తర్షుల్లో వసిష్ఠుడి పక్కన కంటికి ఆనుతుంది. కానీ కార్తీక మార్గశిరాల సాయంత్రాల్లో తెలుగునేల మీద అది దిగంతం కిందే ఉంటుంది, పగటి పెళ్లిలో సూర్యుడు అడ్డం. అయినా పురోహితుడు చూపిస్తాడు, జంట ‘కనబడింది’ అంటుంది. కొత్త కాపురం ఒక చిన్న అబద్ధంతో మొదలవుతుంది.

శోభనం, ఆషాఢం, ప్రయాణం

అన్నిటికంటే ఆంతరంగికమైన రాత్రికి కూడా ముహూర్తం పెట్టేది పెద్దలే. రెండు రోజులుగా నిద్రలేని ఇద్దరు, కొన్నిసార్లు పట్టుమని పది మాటలైనా మాట్లాడుకోనివాళ్లు, ఇంటినిండా చుట్టాలు కనిపెట్టుకుని ఉండగా ఆ ఘడియకు గదిలోకి వెళ్లాలి. ముహూర్తం వధువు నెలసరిని అడగదు. అది అడ్డొస్తుందనుకుంటే మార్చేది తేదీని కాదు, ఆమె ఒంటిని. నెలసరిని వాయిదా వేసే మాత్రలు వైద్యసలహా లేకుండానే మింగిస్తారు. రక్తం గడ్డకట్టే స్వభావం ఉన్నవారికి ఆ మాత్రలు ప్రమాదం. ఆకాశంలోని చంద్రుడి నెల కోసం ఒంటిలోని నెల తప్పించడం ఈ ఆచారం అసలు స్వరూపం. పిల్లలు ఎప్పుడు, అందాకా ఏ గర్భనిరోధకం అనే అవసరమైన మాటకు ఏ పెద్దా ముహూర్తం పెట్టడు.

ఆషాఢం వస్తే కొత్త కోడలు పుట్టింటికి. ఇందుకు చెప్పే కారణాల్లో ఒకదానికి లెక్క కుదురుతుంది. ఆషాఢంలో కడుపు పడితే కాన్పు చైత్రంలో, ఎండలు ముదిరే వేళకు వస్తుంది. ఏరువాక పనుల ఒత్తిడీ ఆషాఢంలోనే. ఆస్పత్రీ గర్భనిరోధకమూ లేని కాలంలో అది ఒక మేరకు ఉపాయమే. కారణం పోయాక నియమం మాత్రం మిగిలింది. మియాపూర్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటూ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే జంట కూడా, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదని నెల పాటు విడిగా ఉంటుంది, ఆ అత్తగారు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్నా సరే.

హనీమూన్ టికెట్లకు వారశూల అడ్డం. సోమ, శనివారాలు తూర్పుకూ, ఆది, శుక్రవారాలు పడమరకూ, మంగళ, బుధవారాలు ఉత్తరానికీ, గురువారం దక్షిణానికీ పోరాదు. గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖకూ హైదరాబాదుకూ మధ్య రెండువైపులా రోజూ నడుస్తుంది. శూల ఉన్న రోజున అందులో ఎక్కిన వందల మందీ క్షేమంగానే దిగుతున్నారు. జంట చూడవలసింది సెలవులు, బడ్జెట్, వాన, ఇద్దరికీ నచ్చిన చోటు.

వేరే దారి

ఈ దారి వదిలినవాళ్లు తెలుగునేలకు కొత్త కాదు. శాస్త్రం ఒప్పదన్న వితంతు వివాహాన్ని కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిపించాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహ విధి’ రాసి పెళ్లి తంతును తెలుగులోకి తెచ్చాడు. నాస్తికుడైన గోరా తన కూతురికి కులం, దేవుడు రెండూ లేని పెళ్లి 1948లో సేవాగ్రామ్‌లో చేశాడు. పురోహితుడు లేని దండల పెళ్లికి తమిళనాడు 1967లోనే చట్టబద్ధత ఇచ్చింది. ఆ సవరణ ఇక్కడ వర్తించదు. ఇక్కడి జంటకు ఉన్నది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరు ముప్పై రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. మరో ముప్పై రోజులు గడిచాక, చెల్లుబాటయ్యే అభ్యంతరం లేకుంటే, అధికారి ముందు, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు స్వీకరిస్తున్నట్టు తమకు తెలిసిన భాషలో చెబితే చాలు. విందు, పాటలు, పసుపు, పూలు కావాలనుకుంటే ఆ చట్టం వద్దనదు.

ఆ నోటీసు ఫారంలో ఇద్దరి పేర్లు, వయసు, వృత్తి, నివాసం, ఇదివరకు పెళ్లయిందీ లేనిదీ రాయాలి. నక్షత్రానికి గడి లేదు.