వికెట్ల వెనుక మా ఆదివారములు

క్రికెట్టాటను గూర్చి స్త్రీల పత్రికయందు వ్రాయనేల యని కొందఱు సోదరీమణు లడుగవచ్చును. ఇంటిలోని పురుషులు టెలివిజను ముందు కూర్చుండి కాఫీమీద కాఫీ కోరు నాటయే గదా యని మఱికొందఱు నవ్వవచ్చును. కాని యీ యాట మన హైదరాబాదు స్త్రీలకు క్రొత్తది కాదు. స్త్రీల ప్రపంచకప్పు పోటీలు 1973లో ఇంగ్లండునందు మొదలయినవి. రెండవ పోటీ 1978లో మన దేశమున జరిగెను. దాని చివరి ఆట మన ఫతేమైదానపు లాల్ బహదూర్ స్టేడియములో జరుగగా, ఆస్ట్రేలియా స్త్రీలు ఇంగ్లండును గెలిచి కప్పును గైకొనిరి. 1995లో భారత జట్టునకు నాయకత్వము వహించిన పూర్ణిమా రావు మన నగరపు వనితయే. సికిందరాబాదున పెరిగి, భరతనాట్యము నేర్చుచునే బ్యాటు పట్టిన మిథాలీ రాజ్, 1999లో పదునాఱేండ్ల ప్రాయమున తన మొదటి అంతర్జాతీయపు ఆటలోనే 114 పరుగులు చేసెను. 2022లో విరమించుకొనునాటికి ఒక్కరోజు ఆటలలో ఆమె పరుగులు 7,805.

మే మంతటివారము కాము. ఉద్యోగార్థమై మాదాపురము చేరి, ఆదివారములందు మాత్రము ఆడిన సామాన్య క్లబ్బు క్రీడాకారిణులము. 1998లో సైబర్ టవర్సు భవనము ప్రారంభమయిన పిమ్మట ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ యను పేరు స్థిరపడెను. బండలును పొదలును ఉన్న చోట అద్దాల మేడలు లేచెను. ఎన్నియో జిల్లాలనుండి ఆడపిల్లలు ఉద్యోగములకు వచ్చి కొండాపురము, గచ్చిబౌలి హాస్టళ్లలో దిగిరి. అట్టివారము కొందఱము, వేర్వేఱు ఆఫీసులవారము, 2006 ప్రాంతమున ఒక జట్టుగా కూడితిమి. అందు వికెట్ కీపరు పని మాకు వచ్చినది. ఏలననగా దానిని మఱెవ్వరును కోరలేదు.

ఆ పని యెట్టిదో చదువరులకు తెలుపవలెను. బౌలరు వేయు ప్రతి బంతికిని కీపరు గొంతుకూర్చుండి లేవవలెను. ఇరువది ఓవర్ల ఆటలో ఇది 120 మార్లు. ఏబది ఓవర్లయినచో 300 మార్లు. తొందరపడి ముందుగా లేవరాదు, బంతి నేలను తాకి పైకి లేచునప్పుడు దానితోపాటు లేవవలెను. వ్రేళ్లను నేలవైపు దించి, బంతి చేతికి వచ్చిన క్షణమున చేతులను కొంచెము వెనుకకు తీసికొనవలెను. బిగువుగా నుంచినచో వ్రేళ్లు వాచును. స్త్రీల బంతి పురుషుల బంతికంటె కొంచెము తేలికయే, 140 మొదలు 151 గ్రాముల వఱకు ఉండును. అయినను వ్రేలి కొనకు తగిలినచో మరునాడు ఆఫీసులో కీబోర్డు ముట్టుకొనుట కష్టము. ఇంత చేసినను, పట్టిన బంతుల నెవ్వరును లెక్కింపరు. జారిపోయిన దానిని మాత్రము అందఱును చూతురు.

ఇది మావంటివారికే చెందిన మాట కాదు. 1971లో భారత జట్టు వెస్టిండీసు గడ్డమీద మొట్టమొదటిసారి సిరీసు గెలిచెను. అందు సునీల్ గవాస్కరు చేసిన 774 పరుగులను నేటికిని చెప్పుకొందురు. ఆ యైదు టెస్టులలోను వికెట్ల వెనుక కూర్చుండి లేచిన కీపరు మన హైదరాబాదువాడయిన పి. కృష్ణమూర్తి. అతడు ఆడిన టెస్టులును ఆ యైదే. ఆ పేరు నేడు ఎందఱి యిండ్లలో వినబడుచున్నది?

ఐనను ఆ స్థానమున కొక భాగ్యము కలదు. మైదానమున తక్కిన పదిమంది ముఖములును కనబడుచుండునది కీపరునకే. మా జట్టువారిని మే మట్లే తెలిసికొంటిమి. కరీంనగరపు పిల్ల వేగముగా బంతి వేసెడిది. చిన్ననాడు అన్నలు ఆమెకు బ్యాటు ఇచ్చెడివారు కారట; బంతి వేయుటకు మాత్రము పిలిచెడివారట. అందువలననే బౌలరు నైతినని నవ్వుచు చెప్పెడిది. తెనాలి అమ్మాయి శనివారపు రాత్రి షిఫ్టు ముగించుకొని, ఆఫీసు క్యాబులోనే మైదానమునకు వచ్చి, ముఖము కడుగుకొని లెగ్ స్పిన్ను వేసెడిది. బంతిని రెండవ వైపునకు త్రిప్పదలచినప్పుడు కుడిచేతి మడతను ఒకసారి సవరించుకొనెడిది. అది మా యిద్దఱికిని తెలిసిన గుర్తు. బ్యాటు పట్టినయామె రెండడుగులు ముందుకు వచ్చి బంతిని తప్పును. మేము స్టంపులను పడగొట్టుదుము. అట్టి క్షణమున మా కిరువురకు కలిగిన యానందము ఏ జీతపు పెంపునందును కలుగలేదు.

మా ప్రక్కన స్లిప్పులో నిలుచునది అందఱికంటె పెద్దది, ఇద్దఱు బిడ్డల తల్లి. ఆమెను అక్కాయని పిలిచెడివారము. ఓవరుకు ఓవరుకు నడుమ పిల్లల బడి ఫీజులను, పులిహోరలో ఇంగువ పాలును గూర్చి చెప్పుచుండి, బంతి వచ్చునప్పటికి మాట ఆపివేసెడిది. ఆమె అత్తగారు జనగామనుండి వచ్చి, కోడలు ఎండలో నల్లబడుచున్నదని కొన్నాళ్లు గొణిగిరి. ఒక ఆదివారము తామే మైదానమునకు వచ్చి, చెట్టునీడను కూర్చుండి, చాలసేపు మావైపు చూచి, “గా పిల్ల ఊకె కూసుంటది, లేస్తది. గదేం ఆటనే?” యని యడిగిరి. “ఆమె లేకుంటె బంతులన్ని బౌండరీకి పోతయి అత్తమ్మా” యని కోడలు బదులు చెప్పెను. “అట్లనా! మనింట్ల నా పని గూడ గంతే గదనే” యని ఆమె అనిరి. ఆ మరుసటి వారమునుండి ఆదివారపు ఉదయములందు మనుమలను తామే చూచుకొని కోడలిని పంపిరి.

తెనాలి అమ్మాయి కథ వేఱు. వివాహమయిన మొదటి నెలలో రెండు ఆదివారములు వచ్చెను; పిమ్మట ఒకటి; పిమ్మట రాలేదు. ఆమెను ఎవ్వరును నిషేధింపలేదు. ఆదివారమున బంధువులు వత్తురు, ఫలహారములు చేయవలెను, వారమునకు సరిపడు బట్టలు ఇస్త్రీ చేయవలెను. విచిత్రమేమనగా, ఆమె భర్తయు ఆదివారమున తన ఆఫీసు జట్టులో ఆడువాడే. అతని తెల్ల దుస్తులు ఇస్త్రీ చేసి సంచిలో పెట్టునది ఆమెయే. అతడు చెడ్డవాడు కాడు. ఆమెకును ఒక ఆట కలదని అతనికి తోచలేదు, అంతియే. మొదటి జట్టు పదునొకండుగురిలో వివాహానంతరము ఏడాదికి మించి ఆడినవారు ముగ్గురే.

నానక్‌రాంగూడ దగ్గఱ మేము మొదట ఆడిన ఖాళీ స్థలమున పునాదులు త్రవ్విరి. గండిపేట వైపు పోతిమి, దూరము పెరిగెను, వచ్చువారు తగ్గిరి. మా మోకాళ్లును ఇక చాలుననెను. తెనాలి అమ్మాయి వికెట్లు తీసిన చోట ఇప్పుడు కార్లు నిలుపు అంతస్తు లున్నవి.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత స్త్రీలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో గెలిచి, మొదటిసారి ప్రపంచకప్పు సాధించిరి. ఆ జట్టులో కడప జిల్లా శ్రీచరణియు, హైదరాబాదు అరుంధతీ రెడ్డియు ఉండిరి. ఆ రాత్రి మన యిండ్లలో ఎందఱో తల్లులు కూతుండ్రతో కూడ చప్పట్లు కొట్టిరి. నేడు మాదాపురము, కొండాపురములందు వలలు కట్టిన చిన్న మైదానములలో, దీపముల వెలుగున, ఆఫీసు ఆడపిల్లలును ఆడుచున్నారు. వారిని చూచినప్పుడు మాకు సంతోషమును, పెండ్లియైన పిమ్మట వీరిలో ఎందఱు మిగులుదురో యను చింతయు కలుగుచున్నవి.

ప్రతి యింటి పిల్లయు దేశమునకు ఆడవలెనని మే మనము. అత్తలకును తల్లులకును మా మనవి యొక్కటే. ఇంటిలో భార్యాభర్త లిరువురును ఆడువారయినచో, ఒక ఆదివారము అతడు, మఱొక ఆదివారము ఆమె పోవునట్లు ఏర్పాటు చేయుడు. ఆమె లేని పూట ఉప్మా అతడు చేయగలడు. మా అనుభవమున అందఱు మగవారికిని ఉప్మా వచ్చును. కోడలి సంచి అటకమీద నున్నచో ఈ వారమే దింపించి, అందలి గ్లౌజులను ఒకసారి ఎండలో పెట్టుడు.