సముద్రము మనకేల?

గడచిన వర్షాకాలమున ఒకనాడు పదవ తరగతిలో పాఠము చెప్పుచుండగా ఒక బాలిక లేచి, “సార్, బంగాళాఖాతంల అల్పపీడనం అని రోజూ వింటున్నం. ఆ సముద్రానికి, మన సిరోంచకు ఏం సంబంధం?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. అది నవ్వదగిన ప్రశ్న కాదు. ఆనాడు గంట మ్రోగుటచే సగములో నిలిచిన ప్రత్యుత్తరమును ఈ పత్రికాముఖమున విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవింపదలచినాము.

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోట, ఆవలి యొడ్డున కాళేశ్వరమును చూచుచు మనము నివసించుచున్నాము. సముద్రమును కన్నులార చూచినవారు మనలో మిక్కిలి తక్కువ. అయినను మన వరదలకు పుట్టినిల్లు సముద్రమే. వర్షాకాలమున బంగాళాఖాతపు ఉత్తర భాగమున పుట్టిన అల్పపీడనములు ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమటికి సాగి విదర్భలో వర్షించును. ఆ నీరు వైనగంగ, వార్ధా నదులలో నిండి, ప్రాణహితయై మన గడపకు వచ్చును. 2022 జులైలో మన తాలూకా గ్రామములు నీట మునుగుట మనమెవ్వరము మరువలేదు. అప్పుడు దిగువన భద్రాచలము వద్ద గోదావరి 71 అడుగులు దాటెను. 1986 ఆగస్టులో అచ్చట 75.6 అడుగుల నీరు వచ్చిన తరువాత అంతటి వరద మరల అదియే. మేడిగడ్డ ఆనకట్ట వలన ముంపు హెచ్చినదని మన రైతులు మొరపెట్టుకొనుచున్నారు. ఆ వివాదము వేరు. వాన మాత్రము సముద్రము నుండియే వచ్చినది.

ఇంకొక వింత గలదు. నదులు కొనిపోయిన మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గావున సముద్రముపై పలుచని పొరవలె పరచుకొనును. అడుగునున్న చల్లని నీటిని ఆ పొర సులభముగా పైకి రానీయదు. అందుచే బంగాళాఖాతపు పైనీరు వర్షాకాలమందును 28 డిగ్రీలకు తగ్గని వెచ్చదనముతో మేఘములకు బలము నొసగుచుండును. ఈ మంచినీటిలో పెద్ద పాలు గంగా, బ్రహ్మపుత్ర, ఇరావతి నదులది. మన గోదావరిది చిన్న పాలు. చిన్నదైనను, మన గట్టు నొరసికొని పోయిన నీరు రేపటి వానకు తోడ్పడుచున్నది. ఇక మనకును సముద్రమునకును సంబంధము లేదనుట యెట్లు?

ఈ సంగతులను కనుగొనువారు పుట్టుకతోనే పండితులు కారు. వారును శిక్షణ పొందినవారే. 1952లో యూజీన్ లఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, యువ పరిశోధకులను ఓడలపై కొనిపోయి, సముద్రపు వేడిమిని, ఉప్పదనమును కొలుచుట నేర్పెను. ఆ విద్యాలయమునుండి వెలువడినవారిలో కొందరు 1966లో నెలకొని నేడు గోవాలో నున్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో పనిచేసిరి. నేడు హైదరాబాదులో, 1999లో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము గలదు. దాని ఆవరణలో యునెస్కో గుర్తింపు పొందిన అంతర్జాతీయ శిక్షణ కేంద్రమొకటి నడుచుచున్నది. మన దేశపు యువ శాస్త్రజ్ఞులతోపాటు హిందూ మహాసముద్ర తీరదేశముల వారును అచ్చట చదువుకొనుచున్నారు. సముద్రములో 2000 మీటర్ల లోతునకు దిగి, పది దినముల కొకసారి పైకి వచ్చి ఉపగ్రహము ద్వారా వార్త పంపు ఆర్గో యంత్రములు ప్రపంచమున సుమారు 4000 తేలుచున్నవి. వాని లెక్కలను చదువు విధమును ఇట్టి చోట్లనే నేర్వవలెను. మన రాష్ట్రమందలి పుణెలో 1962 నుండి పనిచేయుచున్న ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థయందును యువ పరిశోధకులకు శిక్షణ గలదు.

సదస్సనగానేమో యని బెదరనక్కరలేదు. మేము వరంగల్లులో ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో, పెద్దల యెదుట పాఠము చెప్పి, వారి విమర్శను తల వంచి విని, మరునాడు సరిదిద్దుకొని మరల చెప్పెడివారము. అప్పటికి వంతెన లేదు. పడవపై గోదావరి దాటి కాళేశ్వరము చేరవలసి యుండెను. యువ శాస్త్రజ్ఞుల సదస్సును ఇట్టిదే. తాను చేసిన పనిని తెలిసినవారి ముందుంచుట, తప్పు బయటపడినపుడు సిగ్గుపడక దిద్దుకొనుట, తనవంటి వారితో స్నేహము చేసికొనుట అందలి సారము.

అయితే ఇందొక కొరత గలదని మా అభిప్రాయము. నానాదేశముల వారు కూడిన చోట ఆంగ్లములో బోధించుట తప్పదు. కాని అచ్చట నేర్చినది నదీతీరమున నున్నవాని చెవికి చేరినగాని పని పూర్తి కాదు. “వర్షము పడు అవకాశము నూటికి 60” అని విన్న రైతు, “గట్లయితే వస్తదా, రాదా?” అని యడుగును. ఆ ప్రశ్నకు బదులు చెప్పుట ఏ యంత్రమునకంటెను కష్టమైన విద్య. శాస్త్రమును, రైతు భాషను రెండింటిని ఎరిగినవాడే బదులు చెప్పగలడు. మన స్థితి ఇంకను చిక్కు. మన ఆకాశమును నాగపూరు కార్యాలయము చూచును. ఆవలి యొడ్డు ఆకాశమును హైదరాబాదు కార్యాలయము చూచును. నది యొక్కటే, భాషలు రెండు.

కావున ప్రతి శిక్షణాంతమున ఒక దినము కేటాయించి, ప్రతి యువ పరిశోధకునిచేత నేర్చినదంతయు అతని మాతృభాషలో, శాస్త్రమెరుగని శ్రోతలకు చెప్పించవలెనని మేము కోరుచున్నాము. ఇది జరుగరాని పని కాదు. చేపలు దొరకు తావులను గూర్చిన సూచనలను పైన చెప్పిన హైదరాబాదు కేంద్రమే తీరవాసులకు తెలుగు మొదలైన ప్రాంతీయ భాషలలో అందించుచున్నది. బెస్తవానికి చేసిన మేలు నదీతీరపు రైతునకు చేయరాదా?

తలిదండ్రులారా! తెలుగు మాధ్యమములో చదివిన పిల్ల కేమి భవిష్యత్తని మీరు మమ్ము అడుగుచుందురు. పదవ తరగతితో బాలికల చదువు మాన్పించువారును మీలో కలరు. మీ పిల్లలు ఇంట తెలుగు, అంగడిలో మరాఠీ, చెలిమికాండ్రతో గోండీ మాటలాడుచున్నారు. పైని చెప్పిన కొరతను తీర్చుటకు వీరికంటె తగినవారెవరు? గణితమును, భౌతికశాస్త్రమును మాతృభాషలో చక్కగా గ్రహించిన పిల్లలు తరువాత ఆంగ్లమును నేర్చుకొనగలరు. మూలము గ్రహింపక ఆంగ్ల పదములను వల్లించినవారికి ఏ సదస్సును అక్కరకు రాదు. దారి సుగమమని మేము చెప్పము. పట్టభద్రులై, ఆపై పరిశోధనలో ప్రవేశింపవలెను, పల్లె విడిచి పోవలెను, ఖర్చు గలదు. అయినను ఆ దారి హైదరాబాదు వైపునను, పుణె వైపునను తెరచియే యున్నది. రెండు వైపులకును పోగల భాషాబలము మన పిల్లలకు కలదు.

విద్యార్థులారా! రాబోవు జూన్ మొదటి దినము నుండి మన పాఠశాలలో ఒక వర్షమాపకమును నిలిపి, ప్రతి ఉదయము వాన కొలతను, గోదావరి నీటిమట్టమును ఒక పుస్తకములో వ్రాయుదము. ఒక్క దినమును విడువకుండ వ్రాయుటయే శాస్త్రములో మొదటి శిక్షణ. ఆ పుస్తకపు మొదటి పుటను వ్రాయు పని, ఆనాడు ప్రశ్న వేసిన బాలికకే అప్పగింతుము. ఆమె తలిదండ్రులు ఆమె చదువును పదవ తరగతితో ఆపకుందురు గాక యని మా మనవి.